కొండ దిగిన ఇసుక: రాయగడ నుంచి గంజాం తీరం దాకా

గోపాల్‌పూర్ తీరంలో అల వెనక్కి వెళ్లిన చోట ఇసుక మీద నల్లని, ఎర్రని చారలు మిగులుతాయి. బరంపురం నుంచి సాయంత్రం గాలి పీల్చుకోవడానికి వచ్చినవాళ్లు చాలామంది దాన్ని మురికి అనుకుని చెప్పులు దులుపుకుంటారు. ఆ నలుపులో ఎక్కువ భాగం ఇల్మెనైట్ అనే ఖనిజం. ఎరుపు గార్నెట్. కంటికి విడిగా కనిపించని సిల్లిమనైట్, జిర్కాన్, రూటైల్, మోనజైట్ కూడా ఆ గుప్పెడు ఇసుకలోనే ఉంటాయి. ఛత్రపురం దగ్గర ఇదే ఇసుకను తవ్వి ఖనిజాలు వేరుచేసే ప్రభుత్వ రంగ కర్మాగారం 1980ల నుంచి పనిచేస్తోంది.

తీరం వదిలి పడమరగా, రాయగడ వైపు వెళ్దాం. ఘాట్ రోడ్డు కోసం కొండను కోసిన చోట ఒక రాయి పగలగొట్టి చూస్తే లోపల అదే ఎరుపు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ రాయి పేరు ఖోండలైట్. ఈ కొండల్లో బతికే కోందుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ అందులో ముఖ్యమైనవి. కొండ రాతిలో ఉన్న గార్నెట్, సిల్లిమనైట్ సముద్రం ఒడ్డున మళ్లీ ఎదురవుతున్నాయంటే, మధ్యలో ఉన్న దూరమంతా వాటిని ఎవరో మోసి ఉండాలి. మోసినవి గెడ్డలు అనే కొండవాగులు, నదులు, చివర్లో అలలు.

కొండ, లోయ, మైదానం, దిబ్బ, తీరం అని మనం వేర్వేరు పేర్లతో పిలుచుకునేవన్నీ ఒకే మట్టి ప్రయాణంలో మజిలీలు. ఒక మజిలీలో మట్టి కోట్ల ఏళ్లు ఆగుతుంది. ఇంకో మజిలీలో ఒక్క వానాకాలం కూడా నిలవదు. తెలుగు మాట్లాడేవాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఈ దక్షిణ ఒడిశా జిల్లాల్లో, అంటే రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్‌లలో, ఈ మజిలీలన్నీ ఒక రోజు బస్సు ప్రయాణంలో వరసగా చూడొచ్చు. దేశంలో ఇలాంటి చోట్లు తక్కువ.

ఖోండలైట్ పుట్టుక వింటే ఆశ్చర్యం వేస్తుంది. అది మొదట్లో బురద. ఒక పాత సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక. ఖండాలు ఒకదాన్నొకటి ఒత్తుకున్నప్పుడు ఆ బురద భూమి లోపలికి దిగిపోయింది. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట, ఇరవై కిలోమీటర్లకు పైగా లోతున, 900 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగిన వేడిలో ఉడికింది. బంకమట్టి గార్నెట్, సిల్లిమనైట్‌లుగా మారింది. బురదలో కలిసిన జీవ పదార్థం గ్రాఫైట్ అయింది. పిల్లల పెన్సిళ్లలో ఉండే గ్రాఫైట్ రాయగడ, బలంగీర్ జిల్లాల గనుల్లో దొరకడానికి కారణం అదే.

అంత లోతున ఉడికిన రాయి ఇవాళ మేకలు మేసే కొండ మీద ఎండకు కాగుతోంది. మరి దాని మీద ఉన్న ఆ ఇరవై కిలోమీటర్ల మందం ఏమైంది? చాలావరకు వాన, ఏరు, గాలి కలిసి కొద్దికొద్దిగా మోసుకుపోయాయి. సరుకు దించేకొద్దీ పడవ నీటిపైకి తేలుతుంది కదా, భూమి పైపొర కూడా అంతే. పైబరువు తగ్గేకొద్దీ అడుగు రాయి పైకి వస్తుంది. కొండ అరుగుతూనే లేస్తుంది, లేస్తూనే అరుగుతుంది. అందుకే ఇంత కాలం వానలు కోసినా తూర్పు కనుమలు పూర్తిగా చదునైపోలేదు.

ఆ రోజుల్లో బంగాళాఖాతం లేదు. ఇప్పుడు గోపాల్‌పూర్ తీరం ఉన్న చోటికి ఆవల తూర్పు అంటార్కిటికా ఆనుకుని ఉండేది. అక్కడి రాళ్లు, ఇక్కడి రాళ్లు ఒకే వయసువి, ఒకే తీరువి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఆ రెండూ విడిపోవడం మొదలైంది. మధ్యలో నీరు చేరింది. మన తూర్పు తీరం అలా తెగిన అంచు. పర్లాకిమిడి, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపడి ఒడిశాలో చేరింది 1936 ఏప్రిల్ 1న. ఆ సరిహద్దు గీత ఎటు పోవాలన్న వాదం ఈ జిల్లాల తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. దాని కింద ఉన్న రాతికి మాత్రం అంటార్కిటికాతో చుట్టరికం.

కోరాపుట్ వైపు కొండలెక్కినప్పుడు మొదట కంటబడే వింత ఏమిటంటే, చాలా కొండలకు శిఖరం ఉండదు. పైన చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది. పంచపట్‌మాలి, బాఫ్లిమాలి, కుట్రుమాలి... పేరు చివర మాలి ఉన్న కొండలు చాలావరకు ఇలాంటివే. 1672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి ఉన్నది కోరాపుట్ జిల్లాలో. ఈ చదును తలల్ని గమనించిన శాస్త్రవేత్తలు అవన్నీ ఒకప్పటి ఒకే మైదానం ముక్కలని చెబుతారు. మైదానం నెమ్మదిగా పైకి లేచింది. ఏరులు దాన్ని కోసుకుంటూ లోయలు చేశాయి. కోయకుండా మిగిలిన చోట్లను మనం కొండలంటున్నాం. అంటే ఇక్కడ కొత్తగా తయారైంది లోయ. కొండ తల మీద ఉన్నది పాత నేల.

ఆ పాత నేల మీద వాన చేసిన పని ఇంకా విచిత్రమైనది. వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపు నీరవుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలోకి దిగి ముందు సోడియం, పొటాషియం, కాల్షియం లాంటివాటిని కడిగేస్తుంది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తెల్లటి సుద్దమన్నుగా మారుతుంది. ఎండ, వాన, ఎండ, వాన అంటూ కోట్ల ఏళ్లు గడిస్తే గట్టిగా కనిపించే సిలికా కూడా కరిగి కిందికి పోతుంది. చివరికి కరగనివి రెండే మిగులుతాయి: ఇనుము, అల్యూమినియం. ఇనుము తుప్పు పట్టి నేలను ఎర్రగా చేస్తుంది. అల్యూమినియం ఎక్కువగా మిగిలిన చోట పుట్టేది బాక్సైట్. ఏటవాలు నేల మీద ఇది జరగదు, ఎందుకంటే వాన నీరంతా ఇంకకుండా జారిపోతుంది. చదునుగా ఉండి నీరు నిలిచి కిందికి ఇంకే చోటే ఇది సాధ్యం. అందుకే బాక్సైట్ ఈ కొండల తలల మీదే టోపీలా ఉంటుంది. దేశంలో మరే రాష్ట్రంలోనూ లేనంత బాక్సైట్ ఒడిశాలో ఉంది. దామన్‌జోడి దగ్గరి పంచపట్‌మాలిని ప్రభుత్వ రంగ అల్యూమినియం సంస్థ నాల్కో 1980ల నుంచి తవ్వుతోంది.

ఇందులో ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడుతుంది. సిలికా కరిగిపోగా మిగిలిన ఈ టోపీ మట్టి నిండా చిల్లులు. స్పంజిలా వాన నీటిని పట్టి ఉంచుతుంది. దాని అడుగున నీరు ఇంకని సుద్ద పొర ఉంటుంది. నీరు అక్కడ ఆగి, పక్కకు జారి, కొండ నడుముల్లో ఊటగా బయటికి వస్తుంది. మండు వేసవిలో కూడా పారే గెడ్డల్లో కొన్నింటికి మూలం ఇదే. రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న నియమగిరి మీద తవ్వకం వద్దని డోంగ్రియా కోందులు పట్టుబట్టినప్పుడు, అది నమ్మకాల గొడవ అని కొట్టిపారేసినవాళ్లున్నారు. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో ఆ నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. ఆ ఏడాది 12 గ్రామసభలూ వద్దన్నాయి. వాళ్లు కొండను దేవుడన్నారు, నీళ్లిచ్చేవాడన్నారు. నేల నిర్మాణం తెలిసినవాళ్లకు ఆ రెండో మాటలో తప్పు కనిపించదు. కోట్ల ఏళ్లు పట్టి తయారైన ఒక నీటి తొట్టి గురించి మాట్లాడుకుంటున్నామన్న ఎరుక లేకుండా బాక్సైట్ టన్నుల లెక్క వెయ్యడం పొరపాటు.

పైనుంచి కిందికి దిగడం కూడా ఇక్కడ మెట్లు మెట్లుగా జరుగుతుంది. కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. దాని పక్క జయపురం సుమారు 660 మీటర్లు. మల్కన్‌గిరి 200 మీటర్ల లోపే. మెట్టు అంచు దిగే చోట నది దూకుతుంది. ఆంధ్ర సరిహద్దులో మాచ్‌ఖండ్ నది మీద ఉన్న డుడుమ జలపాతం నూటయాభై మీటర్లకు పైగా దూకేది అలాంటి అంచు నుంచే. జలపాతం ఒక చోట స్థిరంగా ఉండదు. పడిన నీరు అడుగు రాతిని తొలుస్తుంది, పైఅంచు విరిగిపడుతుంది, జలపాతం ఒక అడుగు వెనక్కి, అంటే ఎగువకు, జరుగుతుంది. పాత మైదానాన్ని నది తినుకుంటూ వెళ్లేది ఈ దారిలోనే. ఆ పడే నీటితో 1955 నుంచి కరెంటు తీస్తున్నాం. కోరాపుట్ జిల్లాలోనే కొలాబ్ నది ఒడ్డున గుప్తేశ్వరంలో సున్నపురాయి కరిగి గుహ అయింది. అక్కడ కూడా పని చేసింది అదే పులుపు వాన నీరు. బొర్రా గుహలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నాగావళికి ఒడిశాలో లాంగుల్య అన్న పేరూ ఉంది. లాంగలం అంటే నాగలి. బలరాముడు నాగలితో నేలను గీస్తే ఆ చాలులో నది పారిందని పురాణం. రాయగడ దగ్గరి పాయకపాడు నుంచి గుంప, సంగాం, శ్రీకాకుళం మీదుగా సముద్రపు ఒడ్డున కళ్లేపల్లి దాకా ఆ కథతో ముడిపడిన అయిదు శివాలయాలున్నాయి. మహేంద్రగిరిలో పుట్టి పర్లాకిమిడి పక్కన పారే ఏటిని మహేంద్రతనయ అన్నారు, మహేంద్రుడి కూతురు. నది నేలను దున్నుతుందన్న ఊహ, కొండ నుంచి పుట్టిందన్న ఊహ రెండూ ఎంత సరైనవో రాయగడ దగ్గర హాతీపథర్‌లో చూస్తే తెలుస్తుంది. నాగావళి నీరు బండల్ని నున్నగా చెక్కి పడుకున్న ఏనుగుల్లా చేసింది. చెక్కింది ఒట్టి నీరు కాదు. నీరు మోసుకొచ్చిన ఇసుక, గులకరాళ్లు. గుంటలో చిక్కుకున్న ఒక గులకరాయి సుడిలో తిరుగుతూ తిరుగుతూ బండకు బొక్క పెడుతుంది. రోట్లో పొత్రం తిరిగినట్టే.

ఇదంతా విన్నాక భూమి మార్పు అంటే ఎప్పుడూ నిదానంగా జరిగేదే అనిపిస్తుంది. నిజానికి నది చేసే పనిలో పెద్ద వాటా ఏడాదిలో కొన్ని రోజులదే. మిగతా రోజుల్లో నాగావళి, వంశధార పలుచని పాయలుగా తమ ఇసుక మధ్యే పారుతుంటాయి. నీటి వేగం రెట్టింపైతే అది కదిలించగల రాయి బరువు అనేక రెట్లు పెరుగుతుంది. అందుకే ఒక్క వరద రోజు పదేళ్ల పని చెయ్యగలదు. 2017 జూలైలో రాయగడ జిల్లాలో ఒక్కసారిగా వచ్చిన వరదకు తేరుబలి, సింగాపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి నష్టం శ్రీకాకుళం జిల్లా జీడి, కొబ్బరి తోటలకు ఎక్కువగా జరిగింది. వాన దెబ్బ గజపతి కొండలకు తగిలింది. బారఘరా అనే ఊళ్లో వాన నుంచి తప్పించుకోవడానికి కొండ గుహలో తలదాచుకున్నవాళ్ల మీద చరియ విరిగిపడింది. పన్నెండు మందికి పైగా చనిపోయారు. ఎందుకలా జరిగిందో ఖోండలైట్ కొండ కోసిన చోట చూస్తే అర్థమవుతుంది. పైన కొన్ని మీటర్ల మందాన రాయి చివికి మారిన ఎర్రమట్టి ఉంటుంది, అడుగున గట్టి రాయి. రెండింటి మధ్య హద్దు ఏటవాలుగా ఉంటుంది. గంటల తరబడి కురిసిన వాన మట్టిలో నిండిపోయి ఆ హద్దు దగ్గర ఆగుతుంది. మట్టి బరువెక్కుతుంది, అడుగు పట్టు సడలుతుంది. అప్పుడు వాలు మొత్తం దుప్పటి లాగినట్టు జారుతుంది. ఆ పట్టు నిలిపే వాటిలో చెట్ల వేళ్లు ముఖ్యమైనవి. దీనికి పోడును ఒక్కదాన్నే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. నేలకు పదేళ్లకు పైగా విశ్రాంతి ఇచ్చిన పాత పోడులో అడవి మళ్లీ లేచేది. విశ్రాంతి రెండు మూడేళ్లకు తగ్గినప్పుడే వాలు బోడిదైంది. కొండ పాదాన్ని నిలువుగా కోసి రోడ్లు వెయ్యడం కూడా అంతే ప్రమాదకరం. పాదం తీసేస్తే పైమట్టికి ఆనుడు ఉండదు.

అలా జారిన మట్టి గెడ్డలో పడి, గెడ్డ నుంచి వంశధారలో కలుస్తుంది. ఈ నది ఆంధ్ర, ఒడిశాల మధ్య సుమారు 29 కిలోమీటర్ల మేర సరిహద్దుగా పారుతుంది. పారే నదిని సరిహద్దు రాయిగా పెట్టుకుంటే చిక్కే. వంపు తిరిగిన చోట నీరు బయటి గట్టును కోస్తుంది, లోపలి గట్టు మీద ఇసుక వేస్తుంది. ఇటు ఎకరం పోతే అటు లంక లేస్తుంది. గుణుపురం, కాశీనగర్ రైతులకు వరద తర్వాత మొదటి టెన్షన్ నీరు ఎంత లాగిందన్నది కాదు, ఏం వేసి వెళ్లిందన్నది. సన్నటి ఒండ్రు వేస్తే ఆ పొలం బాగా పండుతుంది. మోకాలి లోతు ఇసుక మేట వేస్తే అది తీయించే ఖర్చు పంట ఖర్చును మించుతుంది. ఈ తేడాకు కారణం నీటి వేగం. నది నుంచి దూరంగా, నెమ్మదిగా ఎక్కిన నీరు ఒండ్రు వదులుతుంది. గట్టు తెగి దూసుకొచ్చిన నీరు ఇసుక వదులుతుంది.

పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా మైదానంలో వరి చేల మధ్య ఒంటరిగా నిలబడ్డ బోడి మెట్టలు తగులుతుంటాయి. పక్క రాయి మెత్తనై అరిగిపోగా, పగుళ్లు తక్కువ ఉన్న గట్టి రాయి అలా మిగిలింది. వాటి మీద బండ ఉల్లిపొరల్లా ఊడుతుంటుంది. పైబరువు తగ్గిన రాయి ఉబ్బి పొరలుగా విడిపోవడం అది.

ఇక తీరం. సుమారు 20 వేల ఏళ్ల కిందట ప్రపంచమంతా మంచు బిగుసుకున్నప్పుడు సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దిగువన ఉండేది. మంచు కరిగి నీరు పైకి వచ్చి, ఇప్పటి మట్టానికి దగ్గరగా స్థిరపడి ఆరేడు వేల ఏళ్లు అయింది. కొండల లెక్కలో ఇది నిన్నటి మాట. ఈ కొద్ది కాలంలోనే నదులు తెచ్చిన ఇసుకను అలలు తీరం వెంట పేర్చి దిబ్బలు కట్టాయి. దిబ్బ వెనక పల్లంలో నీరు చిక్కుకుని సోంపేట, ఇచ్ఛాపురం వైపు మనం బీల అని పిలిచే తడినేలలు అయ్యాయి. అదే పని పెద్ద ఎత్తున జరిగిన చోట చిలికా సరస్సు ఏర్పడింది.

ఋషికుల్య చాలా మట్టి తెస్తుంది, కానీ దాని ముఖాన డెల్టా లేదు. తెచ్చినదాన్ని తెచ్చినట్టే అలలు పక్కకు లాగేస్తాయి కాబట్టి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరానికి ఏటవాలుగా వచ్చి తగులుతాయి. అల ఇసుక రేణువును ఏటవాలుగా ఒడ్డు మీదికి తోస్తుంది, వెనక్కి తగ్గేటప్పుడు నిటారుగా దింపుతుంది. ప్రతి అలకూ రేణువు కొద్దిగా ఉత్తరానికి జరుగుతుంది. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది గానీ, మొత్తమ్మీద పయనం ఉత్తరానికే. ఈ తీరంలో ఏటా అలా కదిలే ఇసుక పది లక్షల ఘనపు మీటర్ల స్థాయిలో ఉంటుంది. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో లెక్కేస్తే లక్ష లోడ్లు. ఈ కదలికలో తేలిక క్వార్ట్జ్ రేణువుల్ని అల తీసుకుపోతుంది, బరువైన ఇల్మెనైట్, గార్నెట్ వెనకబడతాయి. గోపాల్‌పూర్ ఇసుక మీది నలుపు, ఎరుపు చారలు అలా పడినవే. బియ్యం చేటలో చెరిగినట్టు సముద్రం రోజూ చేస్తున్న పని అది.

ఈ ఇసుక ప్రవాహానికి అడ్డంగా ఏది కట్టినా ఫలితం ఒకటే. అడ్డుగోడకు దక్షిణం వైపు ఇసుక పోగవుతుంది, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది. ఎగువన బ్యారేజీలు ఇసుకను ఆపినా, నదిలోంచి లారీల కొద్దీ తవ్వినా తీరానికి రావలసిన వాటా తగ్గుతుంది. చిలికా కథ ఇందులో ఇంకో కోణం. ఉత్తరానికి జరిగే ఇసుక సరస్సు మొగను, అంటే అది సముద్రంలో కలిసే నోటిని, ఉత్తరానికి నెట్టి, కాలువను సాగదీసి, చివరికి పూడ్చేసే దాకా తెచ్చింది. ఉప్పదనం తగ్గింది, నాచు కమ్మింది, చేప తగ్గింది. 2000 సెప్టెంబర్ 23న సాతపాడ దగ్గర కొత్త మొగ తవ్వాక సరస్సు కోలుకుంది. ఆ పనికి 2002లో తడినేలల పరిరక్షణకు ఇచ్చే రామ్‌సర్ పురస్కారం దక్కింది. కొన్నేళ్లకు సముద్రం తనంతట తానే ఇంకో చోట ఇసుక కట్టను తెంచుకుంది. మొగను తెరవడం మనిషి చేతిలో ఉంది, దాన్ని ఒక చోట నిలపడం లేదు.

ఋషికుల్య మొగ దగ్గరి పొడంపేటలో ఉన్నది తెలుగు మాట్లాడే మత్స్యకారులు, ఒడిశాలో నోలియాలంటారు. నది మొగ జరగడం, దిబ్బ సన్నబడటం, 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ లాంటి తుపాన్లు అన్నీ కలిసి ఆ ఊరి ఇళ్లను వరస వెంట వరసగా సముద్రంలో కలిపేశాయి. కుటుంబాలు లోపలికి తరలాల్సి వచ్చింది. అదే మొగ పక్కన పెరిగే ఇసుక నాలుక మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇల్లు పోగొట్టిన ఇసుక కదలికే తాబేలుకు కొత్త నేల వేస్తోంది. తీరం వెంట గోడ కట్టమని అడిగే ఊళ్ల బాధ నిజమైనదే. కానీ రాతి గోడ తన వెనక ఇళ్లను కొంతకాలం కాచి, తన చివర ఉన్న తర్వాతి ఊరికి కోతను పంపుతుంది. అడ్డుగోడ దగ్గర పోగైన ఇసుకను తవ్వి ఉత్తరం వైపు తీరంలో పోయడం ఇంతకన్నా మంచి దారి. అది ఒకసారి చేసి వదిలేసే పని కాదు. నైరుతి అలలు ఆగనంత కాలం ఏటా చెయ్యాలి, దానికి ఏటా డబ్బు కేటాయించాలి. ఈలోగా మొగ దాటే పడవవాళ్లు వానలు తగ్గగానే కొత్త దారి వెతుక్కుంటారు. పోయిన ఏడాది లోతు ఉన్న చోట ఈ ఏడాది ఇసుక ఉంటుంది, పడవ ఆనుతుంది.